లేని కంచె

రోసమెల్‌కి రెండు చేతులకీ కలిపి వేళ్లు తొమ్మిదిన్నర.
ఆ మిగతా సగం ఏమైందని అడిగితే
"కంచెనడుగు" అంటాడు,
మాతే పోసిన సొరబుర్ర నా వైపు జరుపుతూ.

పాటగోనియాలో గాలి తలుపు తట్టి రాదు.
రాత్రంతా టెంటును ఎద్దులా కుమ్మి
తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు
కొయిరోన్ గడ్డి మీద పడుకుని ఉంటుంది.

వల్పరాయిసో రేవు పిల్లని నేను.
ఈ లోయకు మొదట వచ్చింది శిఖరం కోసం.
ఇరవై ఆరేళ్లు, నడుముకి తాడు, నోటినిండా డాబు.
ఎక్కిన కొండల్ని డైరీలో
వడ్డీవ్యాపారి బాకీలు రాసుకున్నట్టు రాసుకునేదాన్ని:
తేదీ, ఎత్తు, పట్టిన గంటలు.
లోయంటే అప్పుడు
కొండ దగ్గరికి పోయే దారి, అంతే.

మూడో ఏడు కాలికింద మంచు విరిగింది.
పద్నాలుగు గంటలు నీలం పగులులో, చితికిన మడమతో.
పేరు తెలిసిన పునీతులందరినీ పిలిచాక
పైనుంచి ఒక టోపీ తొంగిచూసింది.
తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వచ్చాడట.
గొర్రె దొరకలేదు, నేను దొరికాను.
ఆ బేరంలో నష్టపోయానని ఇప్పటికీ సణుగుతాడు.

పదిహేడో ఏట ఈ కంచె వేసింది అతనే.
తండ్రి, ఇద్దరన్నలు, ఒక ఎద్దుబండి.
లెంగా చెట్లు నరికి గుంజలు,
గుంజ గుంజకీ ఏడు వరసల తీగ,
ఏటి ఒడ్డు నుంచి మంచు అంచుదాకా.
"గట్టిగానే వేశాం" అంటాడు,
ఆ మాటలో గర్వం ఇంకా చావలేదు.

ఉన్ని ధర పడింది. గడ్డి వేళ్లతో సహా అరిగింది.
గొర్రెలు పోయాయి, వాటి దొరలూ పోయారు.
కంచె మాత్రం కాపలా మానలేదు.
చలికి కిందికి దిగే గ్వనాకోల మంద దూకుతుంది.
తల్లి దాటుతుంది,
పిల్ల కాలు పై రెండు తీగల మధ్య మెలిపడుతుంది.
అక్టోబరులో మంచు కరిగి మేం వెళ్లేసరికి
ఆరేసి మరిచిపోయిన గుడ్డలా
తీగ మీద తోలు.
ఆ ఏడు నలభై ఒకటి లెక్కపెట్టాను.
శిఖరాల పక్క పేజీలోనే రాశాను.
డైరీ మూస్తే
రెండు పేజీలూ ఒకదానికొకటి ఆనుకున్నాయి.

అప్పట్నుంచి వేసవికి ఆరు వారాలు తీగ చుడుతున్నాం.
మేకు పీకు, తీగ వదులు చెయ్యి, చుట్టు.
బిగిసిన తీగ తెగితే పామై లేస్తుంది.
రోసమెల్ వేలు పోయింది వేసేటప్పుడు కాదు,
తీసేటప్పుడు.
"పాత అప్పుకి వడ్డీ" అన్నాడు, నెత్తురు కారుతుంటే.

మనవరాలు దమారిస్ బడి సెలవుల్లో వచ్చి అడిగింది:
"మళ్లీ పీకేదానికి ఎందుకు వేశావు తాతా?"
చాలాసేపు గుంజను గీకుతూ కూర్చుని
"ఆ రోజు ఆకలిగా ఉండింది" అన్నాడు.

అడవిని కాపాడ్డమంటే
ఎత్తైన చోట నిలబడి చేసే పని అనుకున్నాను.
మోకాళ్ల నొప్పి, ధనుర్వాతం సూది,
కంచరగాడిద మీద నలభై కిలోల తుప్పు.
స్నేహం గురించి నాకు తెలిసిందీ ఇంతే,
తీగ చుట్టాలంటే రెండో కొస ఎవరో పట్టుకోవాలి.

మార్చిలో ఆఖరి గుంజ లేచింది.
సాయంత్రం బండల వెనక నక్కి కూర్చున్నాం.
మంద వచ్చింది.
ముందున్న ఆడది సరిగ్గా కంచె ఉన్న చోట ఆగింది.
చెవులు నిక్కించింది. గాలిని వాసన చూసింది.
తర్వాత, ఏమీ లేనిదాని మీదుగా
ఇంతెత్తున దూకింది.
దాని వెనక ఇంకోటి, ఇంకోటి,
పద్దెనిమిది దూకులు, గాలిలో లేని తీగకి తగలకుండా.
ఈ వేసవిలో పుట్టిన పిల్ల ఒకటి మాత్రం
ఇదేం విడ్డూరమన్నట్టు చూసి
నడుచుకుంటూ పోయింది.

రోసమెల్ ఏమీ అనలేదు. మాతే చల్లారింది.

చీకట్లో తిరిగొస్తుంటే
సరిగ్గా ఆ చోటికి రాగానే
కాలు ఎత్తి, జాగ్రత్తగా, దాటాడు.
వెనకే నేనూ.